రౌటర్‌కు కొత్త ఫర్మ్‌వేర్: ముందు తిరుగుదారి చూసుకోండి



పిల్లల చదువు, దూరదేశంలోని కుమారునితో తల్లి మాటామంతీ, దుకాణం లెక్కలు ఇవన్నీ నేడు ఇంట్లో ఒక మూల మిణుకుమిణుకుమనే వైఫై రౌటర్ మీద ఆధారపడి ఉన్నాయి. నిజానికి అదొక చిన్న కంప్యూటర్. దానికీ ప్రాసెసర్ ఉంది, మెమరీ ఉంది, నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌నే ఫర్మ్‌వేర్ అంటారు.

తయారీ సంస్థ కొన్నేళ్లపాటు ఆ ఫర్మ్‌వేర్‌కు సవరణలు పంపుతుంది. ఆ తర్వాత కొత్త మోడళ్ల వైపు మళ్లుతుంది. అటుపిమ్మట బయటపడే భద్రతా లోపాలను పూడ్చేవారుండరు. పెట్టె చూడటానికి బాగానే ఉంటుంది గానీ తలుపు గడియ సడలిపోతుంది. అటువంటి రౌటర్‌ను పారవేయనక్కరలేదు. ఉచితంగా లభించే ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్‌ను ఎక్కించి మరికొన్నేళ్లు వాడుకోవచ్చు. మార్గం మంచిదే, అయితే తిరిగి వచ్చే దారి తెలుసుకోనిదే అందులో అడుగు పెట్టరాదన్నది ఈ నెల మా మనవి.

ఈ మార్గం ఎలా ఏర్పడిందో తెలుసుకోదగినది. లింక్‌సిస్ సంస్థ 2002 చివరలో డబ్ల్యుఆర్‌టీ54జీ అనే రౌటర్‌ను విడుదల చేసింది. దాని ఫర్మ్‌వేర్‌లో లినక్స్ ఉన్నదని 2003లో ప్రోగ్రామర్లు గుర్తించారు. లినక్స్‌కు జీపీఎల్ అనే లైసెన్సు ఉంది. దాన్ని తన పరికరంలో పెట్టి అమ్మేవారు ఆ భాగపు సోర్స్‌కోడ్‌ను కూడా అందుబాటులో ఉంచాలన్నది దాని షరతు. షరతు పాటించమని ఒత్తిడి రాగా ఆ కోడ్ అదే ఏడాది బయటికి వచ్చింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ప్రారంభమైంది. పేరులోని ఆ మూడు అక్షరాలు ఆ రౌటర్ పేరులోనివే. ఒప్పుకున్న షరతును నెరవేర్చమని అడిగినవారి పట్టుదలే నేడు ఎన్నో ఇళ్లకు ఉపకరిస్తున్నది.

ఇక చేయవలసిన పనికి వద్దాం. మొదటిది, ఏ పెట్టెను ముట్టుకోవచ్చు? ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన సంస్థ గోడకు బిగించి వెళ్లిన పెట్టె జోలికి పోకండి. అది చాలావరకు వారి సొత్తు, మన వద్ద అమానతు. అది చెడితే లైనే పోతుంది. మన డబ్బుతో కొనుక్కున్న, వారంటీ ముగిసిన రెండవ రౌటర్‌పైనే ప్రయత్నించండి. అప్పుడు పని మధ్యలో ఏది చెడినా ఇంటి కనెక్షన్ నిలుస్తుంది.

రెండవది, రౌటర్ అడుగున అంటించిన చీటీ చదవండి. మోడల్ పేరు చాలదు, వెర్షన్ సంఖ్య కూడా కావాలి. ఉదాహరణకు టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రెండవ వెర్షన్‌లో క్వాల్‌కామ్ చిప్, మూడవ వెర్షన్‌లో మీడియాటెక్ చిప్ ఉన్నాయి. పేరు ఒకటే, లోపలి నిర్మాణం వేరు. ఒకదాని ఫైలు మరొకదానికి పనికిరాదు. మెమరీ కూడా చూసుకోవాలి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ గల పాత రౌటర్లకు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ కొత్త విడుదలలు సరిపడవు. 8 ఎంబీ, 64 ఎంబీ కూడా ఇరుకే. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉంటే నిశ్చింత.

మూడవది, ఇంటర్నెట్ ఉండగానే మూడింటిని కంప్యూటర్‌లో భద్రపరచుకోండి: కొత్త ఫర్మ్‌వేర్ ఫైలు, తయారీ సంస్థ ఇచ్చిన పాత ఫర్మ్‌వేర్ ఫైలు, మీ మోడల్‌ను తిరిగి బ్రతికించే విధానం రాసి ఉన్న పేజీ. రౌటర్ నిలిచిపోయాక వెతుక్కోవడం దాహం వేసినప్పుడు బావి తవ్వడమే. దిగుమతి చేసుకున్న ఫైలు సరైనదో కాదో చెక్‌సమ్ ద్వారా పోల్చుకోండి. పూర్వం లేఖకులు నకలును మూలంతో అక్షరం అక్షరం సరిచూసినట్టే ఇదీ.

ఎక్కించేటప్పుడు వైఫై ద్వారా కాక కేబుల్ ద్వారానే రౌటర్‌కు కంప్యూటర్‌ను కలపండి. మొదటిసారికి ‘ఫ్యాక్టరీ’ అని పేరులో ఉన్న ఫైలు; ‘సిస్‌అప్‌గ్రేడ్’ అన్నది ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కిన తర్వాత నవీకరణకు వాడేది. మోడల్‌ను బట్టి పద్ధతి మారవచ్చు గనుక మీ మోడల్ పేజీ చెప్పినదే ప్రమాణం. కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టవద్దు. దీపాలు స్థిరపడేవరకు ప్లగ్గు తీయవద్దు. మధ్యలో కరెంటు ఆగడమే రౌటర్లకు ప్రాణాంతకం.

తర్వాత ఎదురయ్యే చిక్కులు సాధారణంగా ఇవి. వైఫై కనిపించదు. ఇది చెడిపోవడం కాదు; భద్రత కోసం ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వైఫైని ఆపి ఉంచుతుంది. కేబుల్ ద్వారా 192.168.1.1కు వెళ్లి, మొదట పాస్‌వర్డ్ పెట్టి, దేశంగా ఇండియాను ఎంచుకొని, ఆపైన వైఫైని తెరవండి. సెట్టింగుల పేజీయే రాకపోతే, స్థిర విడుదలకు బదులు ‘స్నాప్‌షాట్’ ఫైలు ఎక్కించి ఉండవచ్చు. అందులో ఆ పేజీ ఉండదు.

పేజీ వచ్చినా ఇంటర్నెట్ రాకపోతే చిరునామాలను పరిశీలించండి. ఫైబర్ పెట్టె చిరునామా కూడా 192.168.1.1 అయితే, ఒకే వీధిలో రెండు ఇళ్లకు ఒకే డోర్ నంబరు ఉన్నట్టే. దాని కేబుల్‌ను తాత్కాలికంగా తీసి, కొత్త రౌటర్ చిరునామాను 192.168.2.1గా మార్చితే సాధారణంగా చిక్కు తీరుతుంది.

ఏదో సెట్టింగు తప్పి రౌటర్ లోపలికే రానివ్వకపోతే ఫెయిల్‌సేఫ్ ఉంది. కంప్యూటర్‌కు 192.168.1.2 చిరునామా ఇచ్చి కేబుల్ తగిలించండి. రౌటర్ ఆన్ చేశాక దీపం వేగంగా మెరిసే క్షణంలో రీసెట్ బటన్ నొక్కండి. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లి ‘ఫస్ట్‌బూట్’, తర్వాత ‘రీబూట్’ అనే ఆజ్ఞలిస్తే మొదటి స్థితికి వస్తుంది. అసలు లేవనే లేకపోతే చాలా మోడళ్లకు టీఎఫ్‌టీపీ అనే దారి మిగిలి ఉంటుంది. ఆన్ చేస్తూ రీసెట్ నొక్కి పట్టుకుంటే రౌటర్ కంప్యూటర్‌ను ఫైలు అడుగుతుంది. ముందే భద్రపరచిన పాత ఫర్మ్‌వేర్ అక్కరకు వచ్చేది ఇక్కడే.

చివరిగా, కుటుంబ పెద్దలకు ఒక్క మాట. సెలవుకు వచ్చిన కుమారుడు రౌటర్‌ను మార్చి గల్ఫ్‌కు తిరిగి వెళ్లిపోతే, ఆ వెనుక ఏదైనా చెడిన రోజున ఇంట్లో వారు ఏం చేయాలి? అందుకే రౌటర్ చిరునామా, పాస్‌వర్డ్, ఫెయిల్‌సేఫ్ విధానం, పాత ఫైలు ఉన్న చోటు ఒక కాగితంపై తెలుగులో రాయించి బీరువాలో పెట్టించండి. ఇంట్లో ఇంకొకరి చేత ఒకసారి ఫెయిల్‌సేఫ్ చేయించి చూడండి. కొత్త విడుదల వచ్చినప్పుడు నవీకరించే బాధ్యత కూడా ఇకపై తయారీ సంస్థది కాదు, మనదే. ఈ రెండు బాధ్యతలకు ఇంట్లో ఒకరు ఒప్పుకున్న తర్వాతే పాత ఫర్మ్‌వేర్‌ను తీసివేయండి.