ఇంట ఒక బల్ల, నోట నాలుగు మాటలు



"మా వాడికి తెలుగు చదవడం వచ్చింది గానీ ఇంట్లో తెలుగు మాట పలకడు, ఏం చేయాలి అయ్యవారూ?" అని నన్ను తరచు అడుగుతుంటారు. నా సమాధానం విని నవ్వకండి. వచ్చే సెలవులలో వానిని పక్కన కూర్చోబెట్టుకొని ఒక కొయ్యబల్ల చేయండి.

ఒకనాడు తరగతిలో "చిత్రిక పట్టడం అంటే ఏమిటి?" అని అడిగాను. "బొమ్మ గీయడం సార్" అన్నారు పిల్లలు. అలా అన్నవారిలో ఒకని తాతగారు వడ్రంగి. తప్పు పిల్లలది కాదు. చిత్రికను చూడని కంటికి ఆ మాట చిత్రంలాగే కనబడుతుంది. పత్రికలలో "కూసాలు కదిలాయి" అని చదివే మనలో ఎందరం కూసాన్ని చూశాము?

బడిలో మన భాషకు చోటు తగ్గింది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి మొదలుకొని ఏటా ఒక్కొక్క తరగతికి తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఇతరుల మాతృభాష ఐచ్ఛికాంశంగా మిగిలింది. దానిపై న్యాయస్థానాలలో పోరాడటం ఒక పని. ఇంటిలో భాషకు పని కల్పించడం మరొక పని. రెండవదానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

బల్లకు నాలుగు ముక్కలు చాలు: పై పలక ఒకటి, కాళ్ళకు రెండు, మధ్యన అడ్డపట్టీ ఒకటి. మన జిల్లాలో మామిడితోటలకు కొదువ లేదు. ముదిరిన చెట్లు కొట్టినప్పుడు కొయ్య చవకగా దొరుకుతుంది. అయితే పచ్చికొయ్య వద్దు, ఆరేకొద్దీ వంకర పోతుంది. మామిడికి పురుగు భయమూ ఉన్నది కనుక మందు పట్టించిన, బాగా ఆరిన పలకనే అడిగి తీసుకోండి. పొడవు మూడున్నర అడుగులు, వెడల్పు పది అంగుళాలు, ఎత్తు పిల్లలకైతే 14 అంగుళాలు, పెద్దలకైతే 17.

కాళ్ళ పలకలలో కొయ్య చారలు నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే కూసం విరుగుతుంది. మూలమట్టం పెట్టి గీత గీయండి. కాలి పలక పై అంచున రెండు కూసాలు మిగిల్చి, తక్కినది రంపంతో కోయండి. ఆ కొలతకే పై పలకలో ఉలితో బెజ్జాలు తొలవండి. కూసం బెజ్జంలోకి కాస్త బిగువుగా దిగాలి. అడ్డపట్టీని కూడా ఇలాగే కాళ్ళలోకి దించండి. చారల వాలున చిత్రిక తోయండి. ఎదురు తోస్తే పెచ్చులు లేస్తాయి. ఉలి, రంపం పెద్దల చేతిలోనే ఉండాలి. కొలతబద్ద, పెన్సిలు, గరుకు కాగితం పిల్లలకివ్వండి.

పని సాగినంతసేపూ పేర్లు పలకండి, పలికించండి. మన ఉలి తమిళంలోనూ కన్నడంలోనూ 'ఉళి' అని చెప్పండి. మూడు భాషలు కలిసే ఈ సీమలో ఇరుగుపొరుగు భాషలు చుట్టాలేనని పిల్లవానికి ఆ ఉలే నేర్పుతుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. 1937లో వార్ధాలో గాంధీగారి అధ్యక్షతన జరిగిన విద్యా సమావేశం మాతృభాషలో బోధననూ, చేతిపని ద్వారా విద్యనూ కలిపే కోరింది. మనం ఆ రెంటినీ విడదీసి, రెండూ పోగొట్టుకుంటున్నాము.

"పిల్లలను మళ్ళీ కులవృత్తులలోకి నెడతారా?" అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మన హొసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టిన రాజాజీ 1953లో మదరాసు ముఖ్యమంత్రిగా, పిల్లలు సగం పూట బడిలోనూ తక్కిన పూట ఇంటి వృత్తిలోనూ గడిపే పథకం తెచ్చారు. అది కులవిద్య అని పెద్ద నిరసన లేచింది. 1954లో కామరాజు ప్రభుత్వం దానిని రద్దు చేసింది. ఆ నిరసన న్యాయమైనదనే నా అభిప్రాయం. నేను కోరేది దానికి ఎదురు దిక్కున ఉన్నది. బడి గంటలో ఒక్క నిమిషమూ తగ్గించవద్దు. వడ్రంగి మనుమడే కాదు, వకీలు కొడుకూ, అధికారి కూతురూ చిత్రిక పట్టాలి. పని ఒక కులానిదిగా ఉన్నంతకాలం ఆ పని మాటలూ ఆ ఇంటికే పరిమితమవుతాయి; ఆ ఇల్లు పని మానిన నాడు భాషలో నుండే పోతాయి.

మీ మొదటి బల్ల కొంచెం ఊగవచ్చు. ఎందుకు ఊగుతున్నదో పిల్లవానినే అడగండి. "కూసం వదులైంది నాన్నా" అని వాడు చెప్పిన రోజున, తెలుగు మాట్లాడడని మీరు నాతో అనరు. ఆ బల్లమీదనే కూర్చుండి వాడు తన తెలుగు వాచకం చదువుకుంటాడు.