మైదానం పునాదిలో మనవాళ్ళు

ఆట వేరు, న్యాయం వేరు. గుడి వేరు, కూలి వేరు అనే వాదం మనలో చాలా పాతది. దీనికి రెండు పక్షాల బలం ఉన్నది. ప్రార్థనతో పని తీరిందనుకునే పాదిరీలు ఒక పక్షం. చర్చి నుంచి మేలేదీ రాదని ముందే తీర్పు చెప్పి కూర్చున్న మన అభ్యుదయవాదులు రెండవ పక్షం. వీరు ఒకరినొకరు నిందించుకుంటారు గాని, ఫలితంలో ఏకీభవిస్తారు: క్రైస్తవ సమాజం చేయవలసిన పని ఏదీ లేదని. ఈ ఇద్దరితోనూ నాకు తగవు ఉన్నది.

డోర్నకల్ చర్చి ఎవరిది? 1912లో ఇక్కడికి బిషప్పుగా వచ్చిన అజరయ్య, ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరో మహాసభలో, తెల్ల మిషనరీల ముఖం మీదనే, మాకు మీ దానం కాదు, సమానమైన స్నేహం కావాలని అడిగినవాడు. ఆయన వెంట నడిచిన జనంలో అత్యధికులు మాలలు, మాదిగలు. వెట్టి చేసినవారు, ఊరి వెలుపల బతికినవారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెతీడ్రల్ వారి గుడి. అటువంటి చర్చి కూలివాని గతి గురించి మాట్లాడితే రాజకీయమనడం, ఆ చర్చి చరిత్రను తుడిచివేయడమే.

ఇక ఆట సంగతి. 2010 డిసెంబరులో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీని ఖతార్‌కు అప్పగించారు. ఏడు కొత్త మైదానాలు, వాటి వెంట రోడ్లు, హోటళ్ళు, రైలు మార్గాలు లేచాయి. లేపినవారు ఎవరు? నేపాల్, బంగ్లాదేశ్, భారతదేశాల వలస కూలీలు. వారిలో కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల తెలంగాణ బిడ్డలూ ఉన్నారు. 2010 నుంచి పదేళ్ళలో ఐదు దక్షిణాసియా దేశాల కార్మికులు 6,500 మందికి పైగా ఖతార్‌లో మరణించారని 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక లెక్క తీసింది. అందులో భారతీయులు 2,711 మంది.

ఇది అన్ని రకాల మరణాల లెక్క, మైదానాల లెక్క కాదని వాదించేవారున్నారు. నిజమే. పోటీకి సంబంధించిన పనులన్నిటిలో చనిపోయినవారు నాలుగైదు వందల మంది ఉంటారని 2022 నవంబరులో పోటీ నిర్వాహకుడైన అల్ థవాది స్వయంగా చెప్పాడు. పడిన గోలును సెకనులో కొలవగలిగినవారు, పోయిన ప్రాణాలను వందల తేడాతో చెబుతున్నారు! ఆ తేడాయే నేరారోపణ. లెక్క తప్పిందని కాదు, లెక్కించవలసిన మనుషులని ఎవరూ అనుకోలేదని.

పోటీకి ప్రకటించిన బహుమతి సొమ్ము 44 కోట్ల డాలర్లు. కనీసం అంత మొత్తాన్ని నష్టపోయిన కార్మికులకు కేటాయించమని 2022 మేలో ఆమ్నెస్టీ తదితర సంస్థలు అడిగాయి. ఫిఫా 2024లో ప్రకటించిన నిధి 5 కోట్ల డాలర్లు. అదైనా అంతర్జాతీయ సంస్థల కార్యక్రమాలకు పోయిందే గాని, దిక్కులేనివారైన కుటుంబాల చేతికి కాదు.

చర్చి ఆటలో న్యాయం అడగడం కొత్త కాదు. ఇంగ్లండు క్రికెట్ ఆటగాడు, పాదిరీ అయిన డేవిడ్ షెపర్డ్ 1960లో దక్షిణాఫ్రికా తెల్ల జట్టుతో ఆడనన్నాడు. 1970లో ఆ జట్టు రాకను వ్యతిరేకిస్తూ నడిచిన ఉద్యమంలో ఒక శాఖకు అధ్యక్షుడైనాడు. ఆ పర్యటన రద్దయింది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు ఎనిమిదేళ్ళ ముందే, తూర్పు లండన్ చర్చిలు మసీదులతో, కార్మిక సంఘాలతో చేయి కలిపి, ఈ పనులలో బతకదగిన కూలి ఇస్తామని నిర్వాహకుల చేత మాట తీసుకున్నాయి. అదే ఒలింపిక్స్‌కు అతిథులకు ఆతిథ్యమిచ్చిన క్రైస్తవ కార్యకర్తలూ ఉన్నారు. ఆతిథ్యం మంచిదే. కాని టీ కప్పుతో కూలి పెరగదు. సంఘటితమైన బేరంతో పెరుగుతుంది.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, 2034 పోటీని సౌదీ అరేబియాకు 2024 డిసెంబరులో అప్పగించారు. మళ్ళీ మన ఊళ్ళ నుంచే కూలీలు పోతారు. దోహాలో ఆంగ్లికన్ చర్చి ఉన్నది. దాని పేరూ ఎపిఫనీయే. సౌదీలో బహిరంగంగా గుడి కట్టే వీలే లేదు. కాబట్టి అక్కడ జరగవలసిన పని ఇక్కడే జరగాలి. అప్పు ఇక్కడే పుడుతుంది, ఏజెంటు ఇక్కడే ఉంటాడు, ఒప్పందంపై వేలిముద్ర ఇక్కడే పడుతుంది. 1983 నాటి వలస చట్టం కింద వచ్చిన నియమాలు ఏజెంటు రుసుమును 30,000 రూపాయలకు పరిమితం చేశాయి. ఈ సంగతి పోయేవాని చెవిన వేసేదెవరు?

ప్రతి సంఘమూ ఒక దస్త్రం పెట్టవచ్చు. ఎవరు పోయారు, ఏ ఏజెంటు, ఎంత రుసుము, ఏ పని, ఏ జీతం. దానిలో క్రైస్తవుని పేరే రాయనక్కరలేదు. ముసల్మాను, హిందువు పేర్లూ రాయాలి. బాప్తిస్మాలూ వివాహాలూ రాసే అలవాటున్న చేతికి ఇది కష్టమా? మరణం సంభవిస్తే ఆ దస్త్రమే సాక్షి. గల్ఫ్ మృతుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల సాయం అడగడానికైనా ఎవరో ఒకరు కాగితం పట్టుకొని నిలబడాలి గదా!

దళిత క్రైస్తవునికి షెడ్యూల్డు కులాల హోదా నిరాకరించిన 1950 నాటి ఉత్తర్వుపై ఈ సమాజం దశాబ్దాలుగా పోరాడుతున్నది. ఆ పోరాటం న్యాయమైనది. అయితే న్యాయం తనకు మాత్రమే అడిగేవాని గొంతు ఒంటరిది. పొరుగువానికీ అడిగేవాని గొంతుకు బలగం ఉంటుంది. నాస్తికులమైన మనకూ ఇదే మాట వర్తిస్తుంది. గుడి మెట్ల మీద కూలివాని పేరు రాసే దస్త్రం తెరుచుకుంటే, ఆ బల్ల దగ్గర కలం పట్టుకొని కూర్చోవలసినవారిలో మనమూ ఉండాలి.