పతకం చూసి మనిషిని చదవకండి

మన సాహిత్య వ్యాసాల్లో ఒక అలవాటు ముదిరిపోయింది. తెల్లదొరల కాలపు మనిషికి సర్కారు పతకం వచ్చిందని తెలిస్తే చాలు, తీర్పు చెప్పేస్తాం. కొందరికది గొప్పతనానికి రుజువు, ఇంకొందరికి తొత్తుతనానికి. నా దృష్టిలో రెండూ ఒకే బద్ధకం. ఇద్దరూ చదివింది సర్కారు జాబితాని.

కైసరే హింద్ పతకాన్నే తీసుకోండి. 1900లో విక్టోరియా రాణి నెలకొల్పింది. బంగారం మొదటి తరగతి, వెండి రెండోది, కంచు తర్వాత చేరింది. బంగారానికి రాజుగారి ఆమోదం కావాలి, వెండి అయితే వైస్రాయి స్థాయిలోనే తేలిపోతుంది. అంటే ఫైలు ఎంత పైకెళ్లిందన్నది కూడా ఆ లోహంలో కలిసి ఉంది. కైసర్ అన్న మాట జర్మన్ల కైజర్‌కి చుట్టమే, రెంటికీ మూలం రోమన్ సీజర్. పతకం మీద ‘భారతదేశంలో ప్రజాసేవకు’ అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. ఏది ప్రజాసేవో తేల్చే పనిలో మాత్రం ప్రజలకి చోటు లేదు.

ఇప్పుడు గుంటూరుకి రండి. పెన్సిల్వేనియాలో వైద్యం చదివిన అన్నా కుగ్లర్ 1883లో ఇక్కడికొచ్చారు. లూథరన్ మిషన్ ఆవిడని మొదట డాక్టరుగా పంపలేదు, బోధన పనికి పంపింది. వైద్యం ఆవిడ తనంతట తాను మొదలుపెట్టారు. 1898కి ఆసుపత్రి లేచింది. కైసరే హింద్ వచ్చింది 1905లో! వచ్చిన 22 ఏళ్లకి సర్కారుకి కనబడ్డారన్నమాట. మతప్రచారం కూడా ఆ మిషన్ పనే కదా అంటారా? నిజమే, దాని మీద వాదించండి, పతకాన్ని మధ్యలోకి లాగకండి. మా తుళ్లూరులో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘కుగ్లర్ ఆసుపత్రి’ అంటారు. పతకం సంగతి ఎవరి నోటా నేను వినలేదు.

గాంధీకి ఇదే పతకం, బంగారంది, 1915లో ఇచ్చారు. 1920లో ఆయన తిప్పి పంపేశారు. పతకం వెనక్కి వెళ్లింది, దక్షిణాఫ్రికాలో చేసిన పని వెళ్లలేదు. ఆ మరుసటేడు చీరాల జనం మునిసిపాలిటీ వద్దని ఊరే ఖాళీ చేశారు. పెదనందిపాడు రైతులు పన్ను కట్టం పొమ్మన్నారు. వాళ్ల ఇళ్లకి జప్తు నోటీసులొచ్చాయి. పతకం పంచిన సర్కారే నోటీసులూ పంచింది. ఆ జాబితా పట్టుకుని గుంటూరు జిల్లా చరిత్ర రాస్తే ఈ రైతులు ఏ పేజీలో ఉంటారు?

ఇదంతా పాత గొడవ అనుకోకండి. కొత్త కథల పుస్తకం అట్ట వెనక చూడండి: అవార్డుల వరస ఆరు లైన్లు, కథల గురించి ఒక లైను. సమీక్షకులం మనమూ ఆ ఆరు లైన్లే దించుతున్నాం. అవార్డు ఇచ్చింది ఎవరు, ఏ ఏడు, ఎవర్ని పక్కన పెట్టి? అది అడిగే ఓపిక లేకపోతే ఆ లైన్లు కొట్టేసి కథలు చదువుదాం.