సైకిల్ ర్యాలీలు చాలు, పందెం పెట్టండి



జూన్ 3న ప్రపంచ సైకిల్ దినమని, మరో రోజు ఓటరు చైతన్యమని, ఈమధ్య ఆదివారాలు ‘ఫిట్ ఇండియా’ అని, సైకిల్ ర్యాలీలు జరుగుతూనే ఉన్నాయి. జెండా ఊపుతారు, టీషర్టులు పంచుతారు, సర్కిల్ దాకా తొక్కి ఫొటో దిగి ఇళ్లకు పోతారు. వాటిని తప్పుపట్టను. కానీ కాళ్లలో సత్తువ ఉన్న పిల్లలకు వాటివల్ల ఒరిగేదేమీ లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కలిపి ఏటా ఒక సైకిల్ పందెం పెట్టాలి. వీపున నంబరు, చేతిలో స్టాప్‌వాచీ, వాహనాలు ఆపిన రోడ్డు ఉండే అసలైన పందెం.

బెంగళూరు శివార్లలో జరిగే అమెచ్యూర్ పందేలకు నేను పోతుంటాను. అక్కడివాళ్లు సెలవు దొరికితే లేపాక్షి దాకా తొక్కుకుంటూ వస్తారు. మన పిల్లలేమో పోటీ పడాలంటే సైకిల్ మోసుకుని, రూము బాడుగ, ప్రవేశ రుసుము కట్టుకుని అక్కడికి పోవాలి. ఆ ఖర్చు భరించలేక ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

పందేనికి మన నేల కంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది? హిందూపురం సముద్ర మట్టానికి 620 మీటర్ల ఎత్తున ఉంటే ధర్మవరం 350 మీటర్ల దగ్గర ఉంది. దానికి తోడు గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే వెలవలేదు. వానాకాలంలో చెన్నేకొత్తపల్లి నుంచి ధర్మవరం పోతుంటే నైరుతి గాలి వీపున తోస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఛాతీకి తగులుతుంది. అప్పుడు ఒంటరిగా ముందుకు దూకినవాడు కాసేపటికే నీరసపడతాడు. ముందువాడి వెనక చక్రానికి జానెడు దూరంలో తన చక్రం నిలిపి తొక్కేవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. అయితే ఎప్పుడూ వెనకే దాక్కుంటే కుదరదు, వంతు వచ్చినప్పుడు ముందుకు వచ్చి గాలికి ఎదురు నిలవాలి. గుంత కనబడితే చెయ్యి చూపించి వెనకవాళ్లకు చెప్పాలి. గెలవాల్సింది ఎవరి మీదనో వాళ్లతోనే పొత్తు కుదుర్చుకునే ఆట ఇది. చివరి కిలోమీటరు వచ్చాకే ఎవరి దారి వారిది. ర్యాలీలో ఈ పాఠం ఎవరు నేర్పుతారు?

ప్రమాదం కాదా అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లారీలు, కియా ఫ్యాక్టరీ వాహనాలు తిరిగే 44వ నంబరు జాతీయ రహదారి మీద పందెం పెడతామంటే మొదట కాదనేవాణ్ని నేనే. అందుకే రెండు భాగాలు చేయాలి. శనివారం హిందూపురం నుంచి సోమందేపల్లి దాకా నిమిషానికి ఒకరిని వదిలే టైమ్ ట్రయల్. గుంపు ఉండదు కాబట్టి ఒకరినొకరు తగిలి పడే భయం తక్కువ. అక్కడి నుంచి హైవే మీద సైకిళ్లను వ్యాన్లలో ఎక్కించి పెనుకొండ చేర్చాలి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊళ్లో రాత్రి బస. ఆదివారం చెన్నేకొత్తపల్లి చేరి, అక్కడి నుంచి ధర్మవరం పోయి వచ్చే గుంపు పందెం. హెల్మెట్ లేనివాళ్లను లైను దగ్గరికే రానివ్వకూడదు. ముందు పోలీసు జీపు, వెనక అంబులెన్స్ తప్పనిసరి.

మరో మాట. పందెపు సైకిల్ వేలకు వేలు పోస్తే గానీ రాదు. గేర్లు లేని మామూలు సైకిళ్లకు వేరే విభాగం ఉండాలి, అమ్మాయిలకు కూడా. ‘బడికొస్తా’ పథకం కింద 8, 9 తరగతుల ఆడపిల్లలకు ప్రభుత్వమే సైకిళ్లు ఇచ్చిన రాష్ట్రం మనది. ఆ సైకిళ్ల మీద పల్లెల నుంచి బడికి తొక్కిన అమ్మాయిల్లో ఎంత వేగం ఉందో ఎవరైనా టైము కట్టి చూశారా? 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వెలోడ్రోమ్ కట్టారు. అంత ఖర్చు మనం అడగడం లేదు. ఉన్న రోడ్డే చాలు.

చలికాలం మాత్రం వద్దు. అప్పుడు రోడ్ల మీద ఉలవలు, కందులు ఆరబోసి ఉంటాయి. ఉలవకట్టె చక్రంలో చుట్టుకుంటే సైకిల్ ఉన్నచోటే ఆగిపోతుంది, మనిషి ముందుకు పడతాడు. రైతును లేపి కళ్లం తీయమనడమూ పద్ధతి కాదు. ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం. దానికి దగ్గరి శని, ఆదివారాల్లో పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ రెండు రోడ్లూ మాకు ఇవ్వాలని కలెక్టరు గారిని, ఎస్పీ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. లైను దగ్గర నిలబడి నంబర్లు రాసుకునే పని నాకు అప్పగించినా సంతోషంగా చేస్తాను.

– ఒక పాఠకుడు, హిందూపురం