పతకం వచ్చాకే చప్పట్లా?

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ వంద మీటర్ల హర్డిల్స్ హీట్‌లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ ఏడోదిగా వచ్చింది. మరునాడు ఓడినవారికి పెట్టిన రెండో పరుగులో నాలుగోది. ఆ పోటీలో ఒలింపిక్స్ దాకా వెళ్లిన తొలి భారతీయురాలు ఆమే. అయినా మా బేతంచెర్లలో ఆమె పేరెత్తితే వినిపించే మాట ఒకటే: 'ఏడో నంబరు గదబ్బా, దాంట్లో ఏముంది!' నా తగువు ఈ మాటతోనే.

పతకం తెస్తే ఆటగాడు, తేకుంటే చదువు చెడగొట్టుకున్నవాడు. మన ఊళ్లలో నడిచే లెక్క ఇది. నాపరాళ్ల ఫ్యాక్టరీలో పాలిష్ మిషను దగ్గర దినమంతా దుమ్ములో నిలబడే తండ్రి, కొడుకు కాలేజీ టీములో బాస్కెట్‌బాల్ ఆడతానంటే 'దాంతో కూడొస్తుందా?' అని అడుగుతాడు. ఆయన్ను నేను తప్పుపట్టను. ఆయన అడిగేది బతుకు గురించి. కానీ కూటికి కరువు లేనివాళ్లు, చదువుకున్నవాళ్లు, కాలేజీలు నడిపేవాళ్లు కూడా అదే లెక్క పట్టుకుని కూర్చున్నారే, వాళ్లతోనే నా వాదం.

హర్డిల్స్ అంటే ఏమిటో ఒకసారి చూడండి. పది అడ్డంకులు, ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిదానికి 13 మీటర్ల దూరం, ఆ తర్వాత ప్రతి రెంటి నడుమా ఎనిమిదిన్నర మీటర్లు. ఆ ఎనిమిదిన్నర మీటర్లలో సరిగ్గా మూడంగలు వేసి మళ్లీ ఎగరాలి. ఒక్క అంగ కొలత తప్పినా పరుగు మొత్తం చెడుతుంది. ఈ మూడంగలు కాళ్లకు అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది. జ్యోతి గెలిచినప్పుడల్లా పత్రికలు వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు ఉద్యోగం గురించి, వాళ్లమ్మ ఆసుపత్రిలో చేసిన పాచిపని గురించి రాస్తాయి. రాయాల్సిందే. అయితే ఇంటి పేదరికం వేరు, ఆమె మైదానంలో పడిన కష్టం వేరు. రెండోదాన్ని రాసేవాళ్లు తక్కువ, చదివేవాళ్లు ఇంకా తక్కువ.

'కష్టం అందరూ పడతారు, లోకం ఫలితమే చూస్తుంది' అంటారు. సరే, ఫలితమే చూద్దాం. 2020 జనవరిలో, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం విద్యార్థినిగా ఉన్న రోజుల్లో, కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర విశ్వవిద్యాలయాల పోటీల్లో ఆమె 13.03 సెకన్లలో పరుగు ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. 2002లో అనురాధా బిస్వాల్ పెట్టింది. పద్దెనిమిదేళ్లుగా కదలని రికార్డును ఒక కాలేజీ పిల్ల మూడోవంతు సెకనుకు పైగా తేడాతో దాటింది. అయినా దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. అక్కడ జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడు. మరి రెండేళ్లకు, 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లుంది, నిబంధన ఒప్పుకునేది 2.0. అదీ లెక్కలోకి రాలేదు. చివరికి అదే ఏడాది మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లకు రికార్డు పుస్తకం ఆమె పేరు రాసుకుంది.

గాలిని ఎవరూ ఏమీ చేయలేరు. మూడబిద్రి సంగతి అలాంటిది కాదు. దేశం నలుమూలల విశ్వవిద్యాలయాల పిల్లలు పరుగెత్తే చోట రికార్డు బద్దలవుతుందని ముందుగా ఎవరైనా అనుకుని ఉంటే, పరీక్ష చేసేవాళ్లూ ఉండేవాళ్లు, ప్రతినిధీ ఉండేవాడు. కాలేజీ ఆట కదా, ఏముంటుందిలే అనుకున్నచోట ఆమె ఫలితం గాలికిపోయింది. ఫలితమే ముఖ్యమనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి. ఫలితాన్ని కాగితం మీదికి ఎక్కించే ఏర్పాటు కూడా లేని చోట ఫలితం అడిగే హక్కు ఎవరికుంది?

ఇంకో సంగతి. 2023 ఆగస్టులో ఆమె 12.78 సెకన్ల జాతీయ రికార్డు పెట్టింది చైనాలోని చెంగ్డూలో, ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో. విద్యార్థుల పోటీల్లోనే, కాంస్యంతో పాటు. ఆసియా స్వర్ణాలు, 2023లో బ్యాంకాక్‌లోదీ 2025లో గుమిలోదీ, ఆసియా క్రీడల రజతం అందరికీ తెలుసు. ఈ చెంగ్డూ పరుగు గుర్తున్నవాళ్లు ఎందరు?

విద్యార్థుల ఆటను మనం ఇలా మరిచిపోతుంటే, అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్‌కు వేలమంది కూర్చునే హాళ్లు నిండుతాయి. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం జట్టులో వరుణ్ రామ్ అని భారత సంతతి కుర్రాడు ఉండేవాడు. అయిదడుగుల తొమ్మిదంగుళాలు, ఆ ఆటకు పొట్టివాడు. కోచ్ ఏరి తెచ్చుకున్నవాడు కాడు, తనంతట తానే వచ్చి జట్టులో చోటు సంపాదించుకున్నవాడు. ఎక్కువసేపు బెంచీ మీదే. 2015 మార్చిలో వల్పరైసోతో జాతీయ టోర్నీ మ్యాచ్‌లో ఆఖరి క్షణాల్లో, మూడు పాయింట్ల ఆధిక్యం కాపాడడానికి కోచ్ అతన్నే దింపాడు. అతను ఎదుటివాడికి షాట్ వేసే సందు ఇవ్వలేదు. మేరీల్యాండ్ 65–62తో గెలిచింది. స్కోరుపట్టీలో అతని పేరు పక్కన చెప్పుకోదగ్గ అంకె లేదు. అయినా కోచ్ నమ్మకం అతని మీదే. ప్రాక్టీసులో అతన్ని రోజూ చూసినవాడు కాబట్టి.

మన దగ్గర ప్రాక్టీసు చూసేవాళ్లేరి? మా పొరుగు కడప జిల్లా బిడ్డ శ్రీచరణి 2025 నవంబరులో మహిళల క్రికెట్ ప్రపంచకప్పుతో వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, ఇంటిస్థలం ప్రకటించింది. అందులో ప్రతి రూపాయికీ ఆమె అర్హురాలు. ఆ డబ్బులో నూరో వంతు ముందే అందితే నిలబడే పిల్లలు కర్నూలులో, ఆదోనిలో, డోన్‌లో, మా ఊళ్లో ఉన్నారు. వాళ్లకు స్పైక్ బూట్లు కావాలి, గుడ్లూ పాలూ కావాలి, వర్షానికి బురద కాని కోర్టు కావాలి. పతకం వచ్చేదాకా ఆగమంటే వాళ్లలో ఎక్కువమంది పతకం దాకా రారు.

అంతర విశ్వవిద్యాలయ పోటీలు ఎక్కడ జరిగినా అక్కడ డోపింగ్ పరీక్ష, సమాఖ్య ప్రతినిధి తప్పనిసరి చేయాలి. రాయలసీమ విశ్వవిద్యాలయం కాలేజీల పోటీల ఫలితాలను, ఓడినవారి సమయాలతో సహా, ప్రతి ఏడూ బయటపెట్టాలి. ఇక చదువరులకు ఒక మాట: ఈ ఏడు కర్నూలులోనో నంద్యాలలోనో కాలేజీ పోటీలు జరిగేటప్పుడు ఒక పూట వెళ్లండి. ఎవరు మొదట వచ్చారని కాకుండా, పోయిన ఏటికంటే ఎవరు ఎంత మెరుగయ్యారని అడగండి. అలా మెరుగైన పిల్ల ఆరో స్థానంలో ఉన్నా సరే, పేరుపెట్టి పిలిచి చప్పట్లు కొట్టండి.