ఊరియాను పొగిడితే చాలదు

ఓడతోపాటు మునిగిపోయిన కెప్టెన్ల కథలు మన ప్రసంగాల్లో తరచు వినిపిస్తాయి. త్యాగానికి మంచి ఉదాహరణలని మేమూ చెప్పినవాళ్లమే. ఇకమీదట ఆ కథను సగంలో ఆపి ఆమేన్ అనలేం.

రావల్పిండి సంగతే చూడండి. అది పి అండ్ ఓ కంపెనీ ప్రయాణికుల ఓడ. ఇంగ్లండు నుంచి మన దేశానికీ, తూర్పు దేశాలకూ జనాన్ని మోసేది. 1939 ఆగస్టులో బ్రిటిష్ నౌకాదళం దాన్ని తీసుకుని, పాతబడిన 6 అంగుళాల ఫిరంగులు 8 బిగించి కాపలాకు పంపింది. యుద్ధనౌకకు ఉండే ఉక్కు కవచం దానికి లేదు. పదవీ విరమణ చేసిన 60 ఏళ్ల ఎడ్వర్డ్ కెనడీని పిలిచి కెప్టెన్‌ను చేశారు.

నవంబరు 23న ఐస్‌లాండ్, ఫారో దీవుల మధ్య దానికి ఎదురైనవి జర్మనీ యుద్ధనౌకలు షార్న్‌హార్స్ట్, గ్నైజెనౌ. ఒక్కొక్కదానికి 11 అంగుళాల ఫిరంగులు 9. కెనడీ లొంగలేదు. గంట తిరక్కముందే ఓడ మంటల్లో కూలింది. 238 మంది చనిపోయారు. ప్రధాని చాంబర్లిన్ పార్లమెంటులో వారి ధైర్యాన్ని కొనియాడారు.

ఆ ధైర్యం నిజమే, దాన్ని మేము తక్కువ చేయం. కానీ ఆ పొగడ్త ఒక ప్రశ్నను మింగేసింది: వాళ్లను అలా పంపిందెవరు? హిట్లర్‌ను ఆపాలి, నౌకలు చాలలేదు అంటారు. ఆపాల్సిందే. అయితే ఆ కొరతకు మూల్యం చెల్లించింది నిర్ణయం తీసుకున్నవారు కాదు. పొగిడిన తర్వాత కూడా పంపడం ఆగలేదు. యుద్ధం ముగిసేలోగా అలాంటి ఓడలు మొత్తం 15 పోయాయి.

దావీదు ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టించాడు. దావీదుది దురాలోచన, బ్రిటన్‌ది కొరత. రెండూ ఒకటి కావు. అయినా నాతాను ప్రవక్త దగ్గర మనం నేర్చుకోవలసింది ఒకటుంది. ఆయన ఊరియా వీరత్వాన్ని వర్ణిస్తూ కూర్చోలేదు, రాజునే నిలదీశాడు.

మన నగరాల్లో ఇప్పటికీ మాస్కు, ఆక్సిజన్ లేకుండా మనుషుల్ని మ్యాన్‌హోళ్లలోకి దించుతున్నారు. 2013 చట్టం దాన్ని నిషేధించింది. చనిపోతే దండ వేసి యోధుడంటారు, దించినవాడి పేరు ఎవరూ ఎత్తరు.

సమాధి దగ్గర ప్రార్థించడం సంఘం పని. పంపినవాడి గుమ్మం ముందు నిలబడి జవాబు అడగడమూ సంఘం పనే.