పదో ఏడాది పాట

వాడ మీద దాడి జరిగిన నాడు పాట కట్టమని ఎవరికీ చెప్పనక్కర్లేదు. శవం పక్కన కూలబడ్డ తల్లి ఏడుపులోనే పాట ఉంటుంది. డప్పు అందుకునే కుర్రాడుంటాడు, కాగితం మీద పెట్టే చదువుకున్నోడుంటాడు. ఊరేగింపులు, సభలు, వందల గొంతులు. కారంచేడు మీద గద్దర్ కట్టిన 'దళిత పులులమ్మా' అట్లాగే వాడవాడకీ పోయింది. కోపం పాటకి మన దగ్గర ఏనాడూ కరువు లేదు.

మరి పదో ఏడాది సంగతేంటి? అప్పటికి శిబిరం ఎత్తేసి ఉంటారు. విలేకరులు రారు. నాయకులు ఇంకో ఊళ్ళో ఇంకో దాడి దగ్గర ఉంటారు. వాయిదా మాత్రం వస్తూనే ఉంటుంది. కూలి పోగొట్టుకుని, తెల్లారుజామున బస్సెక్కి, సాక్షి అయిన అవ్వ ఒక్కతే కోర్టు వరండాలో కూచుంటుంది. సాయంత్రానికి ఇంకో తారీఖు చెప్పి పంపుతారు. ఆ అవ్వ బస్సులో పాడుకోవటానికి మన దగ్గర పాట ఉందా? ఈ పక్షం మేము అడుగుతున్నది ఇదొక్కటే.

ఇది చిన్న విషయమని ఎవరన్నా అనుకుంటే లెక్కలు చూడండి. కారంచేడులో మాదిగల మీద దాడి జరిగింది 1985 జూలై 17న. ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు చీరాలలో తలదాచుకున్నారు. మళ్ళీ ఆ ఊరికి పోయి ఆ దొరల పొలాల్లో వంగలేదు. కింది కోర్టు శిక్ష వేస్తే హైకోర్టు కొట్టేసింది. చివరికి 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు శిక్ష వేసింది. ఇరవై మూడేళ్ళు! ఆనాడు చంకలో ఉన్న బిడ్డకి పెళ్ళై పిల్లలు పుట్టే కాలం.

చుండూరు 1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని చంపారు. విచారణ మా ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని చుండూరుకే రప్పించుకున్నారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మనవాళ్ళు చేతులు ముడుచుకుని కూచోలేదు, సుప్రీంకోర్టుకి పోయారు.

1989 చట్టానికి 2015లో చేసిన సవరణ ఏం చెబుతోంది? చార్జిషీటు వేసిన నాటినుంచి వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగించమంటోంది. 1995 నియమాలు సాక్షికి దారి ఖర్చులు, కనీస కూలికి తగ్గకుండా దినబత్తా ఇవ్వమంటున్నాయి. అడిగి తీసుకోండి, అది మన హక్కు. కానీ కాగితం మీది రెండు నెలలు కోర్టులో ఏళ్ళవుతున్నాయని వాడలో ఎవరినడిగినా చెబుతారు.

ఈ ఏళ్ళే పెత్తందార్ల ఆయుధం. వాళ్ళు కేసు గెలవక్కర్లేదు, సాగదీస్తే చాలు. కూలికి పిలవటం మానేస్తారు. అప్పు గుర్తు చేస్తారు. మన మీద ఎదురు కేసు పెట్టిస్తారు. పొద్దు గూకాక ఓ పెద్దమనిషిని పంపుతారు. "పోయినోడు ఎట్లాగూ రాడు, నాలుగు డబ్బులు తీసుకుని రాజీపడండి" అని. ఎంతటి కేసైనా సాక్షి మాట మారిన రోజునే కూలుతుంది. కాబట్టి మన పోరాటం సభలో ఎంత ఉందో, ఆ అవ్వ ఇంట్లో, ఆ రాత్రి, ఆ పెద్దమనిషి ముందు కూడా అంత ఉంది.

కష్టకాలంలో నిలబడే పాట రాయమంటే మన కుర్రాళ్ళు చాలామంది ఒకే తీరున రాస్తారు. చీకటి పోతుందట, వెలుగు వస్తుందట, అందాకా ఓర్చుకోవాలట. అయ్యా, ఓర్చుకోమని మనకి కొత్తగా చెప్పాలా? తలరాత అన్నారు, పూర్వజన్మ అన్నారు, తరతరాలుగా మనకి నేర్పింది ఆ ఒక్క పాఠమే కదా! ఓర్పు వేరు, పట్టు వేరు. దెబ్బ తిని నోరు మూసుకోవటం ఓర్పు. కొట్టినవాడి పేరు పదేళ్ళ తర్వాత కూడా మార్చకుండా చెప్పటం పట్టు. మనకి కావలసింది పట్టు పాట.

అది ఎట్లా కట్టాలి? పండితులు అక్కర్లేదు. బడిపంతుళ్ళుగా, కార్యకర్తలుగా మాకు తెలిసింది నాలుగు ముక్కల్లో చెబుతాం.

ఒకటి, మాట వాడ మాటై ఉండాలి. సంకల్పం, దృఢదీక్ష లాంటివి పుస్తకంలో ఉండనివ్వండి. వాయిదా, సమను, బస్సు చార్జీ, గంజి, రాజీ. కష్టం పేరు పెట్టి చెబితేనే కష్టం పడేవాళ్ళు అది తమ పాట అనుకుంటారు.

రెండు, కొత్త వరస వద్దు. నాట్లలో, కలుపులో, కోలాటంలో నోటికొచ్చిన వరసే తీసుకోండి. గరిమెళ్ళ సత్యనారాయణ గారి తెల్లదొరతనం పాట ఊరూరా మోగుతున్న కాలంలో కుసుమ ధర్మన్న గారు చేసింది అదే. జనం నోట ఉన్న దాన్నే మన వైపు తిప్పి 'మాకొద్దీ నల్లదొరతనము' అన్నారు. వరస నేర్చుకునే పని లేకపోతే మాట తొందరగా ఎక్కుతుంది.

మూడు, ప్రతి చరణం ఒకే మాట మీద ఆగాలి. పిల్లలకి ఎక్కం ఎట్లా వస్తుంది? తిరిగి తిరిగి అనటం వల్ల. ఒకరు ముందు అంటే చదువురాని అవ్వ కూడా వెనక అందుకోవాలి.

నాలుగు, 'నేను' వద్దు, 'మేము' కావాలి. అమెరికాలో చార్లెస్టన్ అనే ఊళ్ళో 1945-46లో చుట్టల ఫ్యాక్టరీ కూలీలు సమ్మె చేశారు. ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్ళు. చలిలో, వానలో కాపలా కాస్తూ చర్చిలో నేర్చిన పాత పాటనే పాడుకున్నారు. 'నేను' అన్నచోట 'మేము' అని మార్చుకున్నారు. దానికి తర్వాత ఎందరో చరణాలు కలిపారు. అదే 'వియ్ షల్ ఓవర్‌కమ్' అయి 1960లలో నల్లవాళ్ళ హక్కుల పోరాటమంతా నడిచింది. మన బళ్ళల్లో పిల్లలు పాడే 'హమ్ హోంగే కామ్‌యాబ్' దాన్నుంచి వచ్చిందే. కూలి ఆడవాళ్ళు సమ్మె దగ్గర మార్చుకున్న ఒక్క మాట ఎంత దూరం నడిచిందో చూడండి!

ఈ లెక్కన మేమూ ఒక పాట కట్టాం. వరస మీ ఇష్టం.

వాయిదాకి వస్తాం – మళ్ళీ మళ్ళీ వస్తాం
చూసింది చూసినట్టు – చెప్పేదాకా వస్తాం

బస్సు రాకపోతే – నడిచైనా వస్తాం
కూలి పోతే పోనీ – గంజి తాగి వస్తాం

రాజీకి రమ్మంటే – రామని చెప్పి వస్తాం
తారీఖు మార్చితే – ఆ తారీఖుకీ వస్తాం

అవ్వ రాలేకపోతే – మనవరాలం వస్తాం
ఒంటరిగా రాము – వాడంతా వస్తాం

ఇందులో గొప్పేమీ లేదు. గొప్ప ఉండకూడదు కూడా. మీ ఊరి కష్టం ఇందులో లేకపోతే మీ చరణం మీరు కలపండి. నచ్చనిది తీసెయ్యండి. కట్టినవాడి పేరు అక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు. పాటలో సాక్షుల పేర్లు, కేసు వివరాలు పెట్టకండి. పెడితే పాట మన సాక్షులకే ముప్పు తెస్తుంది. కోర్టు ఆవరణలో పాడకండి. దారిలో పాడండి, బస్సులో పాడండి, వాయిదా ముందు రోజు రాత్రి ఆ ఇంటి అరుగు మీద పాడండి. పెద్దమనిషి రాజీ మాట మోసుకొచ్చేది ఆ రాత్రే కదా. వచ్చినవాడికి అరుగు మీద ఇరవై మంది కనపడాలి.

పాట ఒక్కటే చాలదని మాకు తెలుసు. బస్సు చార్జీకి చందా కావాలి, మంచి వకీలు కావాలి, కూలి పోయిన రోజుకి గింజలు కావాలి. కానీ పాట కోసం పదిమంది చేరిన చోట చందా కూడా పోగవుతుంది, రేపు అవ్వతో ఎవరు పోవాలో కూడా తేలుతుంది.

సంఘాల మిత్రులారా, మీ మండలంలో నడుస్తున్న కేసులెన్ని, తర్వాతి వాయిదా ఎప్పుడు, సాక్షికి తోడు ఎవరు? ఈ మూడూ ఒక కాగితం మీద రాసి వాడలో అందరికీ తెలిసేట్టు పెట్టండి. ఆ ముందు రాత్రి అరుగు మీద కూడండి. మీరు కలిపిన చరణాలు మాకు పంపండి, అచ్చువేస్తాం. పదో ఏడాది కూడా ఆ అవ్వ పక్కన మనం ఉన్నామా లేదా అన్నదాన్ని బట్టే మన ఉద్యమాన్ని లెక్కగడతారు.

జై భీమ్!